ఆఫ్రికా బడుల అనుభవాన్ని పాలమూరు, నల్లగొండ బడులలో వాడుకునే పద్ధతి

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల సర్కారు బడులలో పనిచేసే ఉపాధ్యాయుల కోసం, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో ఉన్న తల్లుల కోసం, చదువు ముగించుకుని తమ ఊరి బడికి ఏదైనా చేయాలనుకునే యువతీయువకుల కోసం రాస్తున్న మార్గదర్శిని ఇది. ఆఫ్రికా దేశాలు గత ముప్పై ఏళ్లలో విద్యలో చేపట్టిన సంస్కరణలలో ఏవి ఫలించాయో, ఏవి బెడిసికొట్టాయో తెలుసుకుని, వాటిలో మనకు పనికివచ్చే వాటిని ఒక విద్యా సంవత్సరంలో ఒక చిన్న బడిలో ఎలా అమలు చేయవచ్చో ఇందులో వివరిస్తాను.

విద్య గురించి మాట్లాడుకునే సభలలో ఫిన్లాండ్, సింగపూర్, జపాన్ పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఆ దేశాల బడులు మంచివే, కానీ అక్కడి పిల్లల తల్లిదండ్రులు దసరా వెళ్లగానే మూటాముల్లె సర్దుకుని గుంపు మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో పనికి పోరు. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు బడులకైనా, దేవరకొండ తండాల బడులకైనా, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (గూడేల) బడులకైనా సరైన పోలిక జాంబియాలోనో, మలావీలోనో, ఉత్తర కెన్యాలోనో దొరుకుతుంది. ఇంటిల్లిపాదిలో మొదటిసారి పలక పట్టిన పిల్లలు, ఇంట్లో ఒక భాష బడిలో మరొక భాష, ఒకే గదిలో రెండు మూడు తరగతులు, బతుకుతెరువు కోసం ఊళ్లు తిరిగే కుటుంబాలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలన్నిటిలోకీ అక్షరాస్యత తక్కువగా, 55 శాతంగా, నమోదైనది మహబూబ్‌నగర్‌లోనే. కాబట్టి మనతో సమానమైన కష్టాలు పడినవారి అనుభవం నుంచి నేర్చుకోవడమే మనకు మేలు.

మొదట చేయవలసినది: ఒక సమస్యను, దానికి తగిన ఒక దేశాన్ని ఎంచుకోవడం

ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాల ఖండం. బోట్స్వానాకు వజ్రాల ఆదాయం ఉంది, మలావీకి లేదు. ఇథియోపియాలో ఎనభైకి పైగా భాషలున్నాయి, రువాండాలో దాదాపు అందరూ ఒకే భాష మాట్లాడతారు. అందువల్ల ‘ఆఫ్రికాలో ఇలా చేశారు’ అనే మాటతో ఏ ఆలోచననూ మొదలుపెట్టకూడదు. ముందుగా మీ బడిలో అన్నిటికంటే బరువైన సమస్య ఏదో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘అయిదో తరగతి పిల్లలలో చాలామందికి తెలుగు పేరా చదవడం రాదు’ అన్నది సమస్య అయితే జాంబియా, కెన్యా అనుభవాలు చూడాలి. ‘కార్తీకం దాటేసరికి మూడోవంతు పిల్లలు వలస పోతున్నారు’ అన్నది సమస్య అయితే బోట్స్వానా, నైజీరియా వైపు చూడాలి. ‘బడికి డబ్బు వచ్చిందో లేదో ఊరికి తెలియదు’ అన్నది సమస్య అయితే ఉగాండా చాలు. రెండు మూడు సమస్యలను ఒకేసారి పట్టుకున్న బడి ఏ ఒక్కదాన్నీ చివరిదాకా లాగలేదు కాబట్టి ఒక్కదానితోనే మొదలుపెట్టాలి.

ఏది ఎంచుకున్నా, దానికి ముందు అందరూ అర్థం చేసుకోవలసిన చరిత్ర ఒకటుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే, 1961లో, ఆఫ్రికా దేశాల విద్యామంత్రులు అడిస్ అబాబాలో సమావేశమై 1980 నాటికి ప్రతి బిడ్డకూ ప్రాథమిక విద్య అందించాలని నిర్ణయించుకున్నారు. ఆ గడువు నెరవేరలేదు. 1980వ దశకంలో అప్పుల భారం పెరిగి, రుణదాతల షరతుల కింద ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు అనేక దేశాలలో బడి రుసుముల భారం తల్లిదండ్రుల మీద పడింది, పేద పిల్లలు బడి మానేశారు. తర్వాత గాలి మళ్లింది. మలావీ 1994లో ప్రాథమిక విద్య రుసుములు రద్దు చేయగానే దాదాపు 19 లక్షలున్న పిల్లల సంఖ్య ఒక్క ఏడాదిలో 30 లక్షల దగ్గరకు చేరింది. ఉగాండాలో 1997లో అదే జరిగి 31 లక్షల నుంచి 53 లక్షలకు పెరిగింది. కెన్యా 2003 జనవరిలో రుసుములు ఎత్తివేసినప్పుడు పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడి గడప తొక్కారు. ఆ మరుసటి ఏడాది కిమానీ మారుగే అనే 84 ఏళ్ల వృద్ధుడు ఎల్డొరెట్ పట్టణంలోని బడిలో ఒకటో తరగతిలో చేరి చిన్నపిల్లల పక్కన కూర్చున్నాడు. చదువు మీద ప్రజలకు ఎంత ఆశ ఉందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఆ ఆశకు తగిన ఏర్పాట్లు మాత్రం జరగలేదు. మలావీలో కొద్ది వారాల శిక్షణతో దాదాపు 20 వేల మందిని ఉపాధ్యాయులుగా నియమించవలసి వచ్చింది. కింది తరగతులలో ఒక్కో ఉపాధ్యాయుడి ముందు వందకు పైగా పిల్లలు, కొన్నిచోట్ల చెట్టు కిందనే, కూర్చున్నారు. ఫలితంగా ఏళ్ల తరబడి బడికి వచ్చిన పిల్లలకు కూడా చదవడం రాలేదు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలలో పదేళ్ల పిల్లలు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఒక చిన్న కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో ప్రపంచ బ్యాంకు, మరికొన్ని అంతర్జాతీయ సంస్థలు అంచనా వేశాయి. ఆర్థికంగా ఎంతో ముందున్న దక్షిణాఫ్రికాలోనే 2021 అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లలలో 81 శాతం మంది ఏ భాషలోనూ అర్థం చేసుకుంటూ చదవలేకపోయారు; ఆ పరీక్షను దేశంలోని అప్పటి 11 అధికార భాషలలో పెట్టారు కాబట్టి పరాయి భాష అనే సాకు కూడా లేదు.

బడిబాట కార్యక్రమంలో ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్చే మనకు ఇది నేరుగా తగిలే విషయం. బడిలో పేరుండటం వేరు, చదువు రావడం వేరు. ఆఫ్రికా దేశాలు ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకున్న ఈ తేడాను మనం జూన్ నెలలోనే గుర్తుపెట్టుకుని, మిగతా పనులన్నిటినీ దాని చుట్టూ అమర్చుకోవాలి.

ప్రతి బిడ్డ చదువును విడివిడిగా వినడం

బడి తెరిచాక మొదటి రెండు వారాలలో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని చదివించి వినాలి. ఈ పద్ధతి పుట్టింది మన దేశంలోనే. ముంబైలో 1995లో మొదలైన ప్రథమ్ సంస్థ దీన్ని రూపొందించింది, ఆ తర్వాత ఇది జాంబియా, బోట్స్వానా, కోట్ డివార్ వంటి దేశాలకు వెళ్లి అక్కడి ప్రభుత్వ బడులలో స్థిరపడింది. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పేందుకు మన రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలోనూ మూలసూత్రం ఇదే. అయితే రిజిస్టర్ నింపడానికి చేసే పరీక్షకూ, పిల్లను తెలుసుకోవడానికి చేసే పరీక్షకూ చాలా దూరం ఉంది. ఇక్కడ కావలసింది రెండోది.

ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో నాలుగు భాగాలు రాసుకోండి. మొదటి భాగంలో పది విడి అక్షరాలు. రెండో భాగంలో ‘తల’, ‘పలక’, ‘మేక’, ‘గూడు’ వంటి పది సులువైన మాటలు. మూడో భాగంలో ఒత్తులు తక్కువగా ఉన్న నాలుగు చిన్న వాక్యాలు. నాలుగో భాగంలో రెండో తరగతి స్థాయి కథ, ఎనిమిది పది వాక్యాలది. తెలుగులో ప్రత్యేకంగా గమనించవలసిన మెట్టు ఒకటుంది: ‘పలక’ను గడగడా చదివిన బిడ్డ ‘పత్తి’ దగ్గర ఆగిపోతుంది, ‘పత్తి’ చదివిన బిడ్డ ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోతుంది. అందుకని ఒత్తులున్న మాటలు అయిదింటిని వేరుగా రాసి పెట్టుకుని, మాటలు చదవగలిగిన వారి చేత అవి కూడా చదివించాలి. గుణింతం దగ్గర ఆగుతున్నారా, ద్విత్వం దగ్గర ఆగుతున్నారా, సంయుక్తాక్షరం దగ్గర ఆగుతున్నారా అన్నది పేరు పక్కన రాసుకుంటే తర్వాత ఏం నేర్పాలో ఆ కాగితమే చెబుతుంది.

వినేటప్పుడు బిడ్డను వాక్యాలతో మొదలుపెట్టించాలి. చదవగలిగితే కథకు వెళ్లాలి, తడబడితే మాటలకు, ఆ తర్వాత అక్షరాలకు దిగాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు సరిపోతాయి. వరండాలోనో చెట్టు కిందో, మిగతా పిల్లలకు వినిపించనంత దూరంలో చేయాలి. తప్పు చదివినప్పుడు వెంటనే సరిదిద్దకూడదు, ముఖం మీద విసుగు కనిపించకూడదు, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తరగతిలో చదివి వినిపించకూడదు. లెక్కలకు కూడా ఇదే తీరు: ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, చిన్న భాగాహారం అనే నాలుగు మెట్లు చాలు. కమిటీలోని తల్లులలో చదువు వచ్చిన వారు ఇద్దరు ముగ్గురు ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. తన బిడ్డ అయిదో తరగతిలో ఉండి మాటలు కూడబలుక్కుంటున్నదని తల్లి స్వయంగా విన్న తర్వాత బడికీ ఇంటికీ మధ్య జరిగే సంభాషణ పూర్తిగా మారిపోతుంది.

తరగతిని పక్కనపెట్టి, ఆ గంట సేపు మెట్టును బట్టి కూర్చోబెట్టడం

పశ్చిమ కెన్యాలో 2005లో 121 బడులలో ఒక ప్రయోగం జరిగింది. ఒకటో తరగతి కిక్కిరిసిపోయిన బడులకు అదనంగా ఒక్కో ఉపాధ్యాయుడిని ఇచ్చి, సగం బడులలో పిల్లలను ఎలా వస్తే అలా రెండు గదులలోకి పంచారు, మిగతా సగం బడులలో అప్పటి చదువు స్థాయిని బట్టి పంచారు. స్థాయిని బట్టి పంచిన బడులలో ముందున్న పిల్లలూ ఎక్కువ నేర్చుకున్నారు, వెనకబడిన పిల్లలూ ఎక్కువ నేర్చుకున్నారు. ఉపాధ్యాయుడు తన ముందున్న పిల్లలకు తగినట్టు పాఠం చెప్పగలగడమే దానికి కారణమని ప్రయోగం చేసినవారు తేల్చారు. జాంబియా 2016లో చిన్న ఎత్తున మొదలుపెట్టి తర్వాత విస్తరించిన క్యాచప్ కార్యక్రమంలో మూడు నుంచి అయిదో తరగతి పిల్లలను బడి వేళలలోనే కొంతసేపు తరగతితో సంబంధం లేకుండా మెట్టును బట్టి కూర్చోబెట్టి, స్థానిక భాషలో చదువూ, లెక్కలూ నేర్పుతారు.

మన బడిలో దీన్ని చేయడానికి కొత్త గదులు అక్కరలేదు. ముగ్గురు ఉపాధ్యాయులుంటే మూడు గుంపులు, ఇద్దరుంటే రెండు. ఉదయం ప్రార్థన తర్వాతి మొదటి గంటను దీనికి కేటాయించడం మంచిది, ఎందుకంటే మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టిన పని సమావేశాలకో, నివేదికలకో బలైపోతుంది. అక్షరాలు, మాటల మెట్టు మీదున్న గుంపును బడిలో అనుభవం ఎక్కువగా ఉన్న ఉపాధ్యాయులే తీసుకోవాలి. చాలా బడులలో దీనికి తారుమారుగా జరుగుతుంది: అనుభవజ్ఞులు పై తరగతికి వెళ్తారు, కొత్తవారికి కింది పిల్లలను అప్పగిస్తారు. ఈ ఒక్కటి మార్చకపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుందని నా గట్టి అభిప్రాయం.

ఆ గంటలో చేసే పని సాదాగా ఉండాలి. మొదటి పది నిమిషాలు అందరూ కలిసి ఒక పాట, పొడుపుకథ లేదా ఊరి ముచ్చట. తర్వాత గుణింతాల చార్టు ముందు నిలబడి ఒక్కొక్కరూ చదవడం, ఆ గుణింతాలతో మాటలు పుట్టించి నేల మీద సుద్దముక్కతో రాయడం. ఆ తర్వాత ఒక చిన్న పేరాను ఉపాధ్యాయులు వేలు పెట్టి చదవడం, పిల్లలు జతలుగా చదవడం. చివరి పది నిమిషాలు సొంతంగా రాయడం, తప్పులున్నా సరే. లెక్కలకు చింతగింజలు, పది పుల్లల కట్టలు చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుంపులు శాశ్వతమైతే అవి ముద్రలుగా మారతాయి. తండా పిల్లలందరూ ఒక గుంపులో, ఊరి పిల్లలందరూ మరొక గుంపులో తేలితే, పిల్లలకంటే ముందు ఊరు దాన్ని గమనిస్తుంది. అందుకని నెలకొకసారి మళ్లీ చదివించి విని, మెట్టు ఎక్కిన వారిని వెంటనే పై గుంపుకు పంపాలి. గుంపులకు ‘మందబుద్ధి’, ‘తెలివైన’ వంటి మాటలు పొరపాటున కూడా తగిలించకూడదు. మిగతా బడి వేళంతా పిల్లలు తమ తరగతిలోనే తోటివారితో కలిసి కూర్చోవాలి.

పుస్తకం, ఉపాధ్యాయుడు, పక్కన ఒక చేయి

కెన్యా 2015 నుంచి టుసోమే అనే కార్యక్రమాన్ని దాదాపు 23 వేల ప్రభుత్వ బడులలోకి తీసుకెళ్లింది. అందులో ప్రతి బిడ్డకూ సొంత పుస్తకం, ఉపాధ్యాయుడికి రోజువారీ పాఠం ఎలా నడపాలో వివరించే చేతిపుస్తకం, వీటితో పాటు తరగతిలోకి వచ్చి వెనక కూర్చుని పాఠం చూసి, ఇద్దరు ముగ్గురు పిల్లలను చదివించి విని, ఆ తర్వాత ఉపాధ్యాయుడితో మాట్లాడే సహాయక అధికారులు ఉంటారు. ఈ మూడూ కలిసినప్పుడే పిల్లల చదువు మెరుగుపడింది. పుస్తకాలు మాత్రమే పంచితే ఏమవుతుందో అదే కెన్యాలో 1990వ దశకంలోనే తెలిసింది: ఆంగ్లంలో ఉన్న పాఠ్యపుస్తకాలను ఉచితంగా ఇచ్చిన బడులలో అప్పటికే ముందున్న పిల్లలు మాత్రమే లాభపడ్డారు, మిగతావారికి ఆ భాషే అర్థం కాలేదు.

మన దగ్గర ఆ పక్కన చేయి వేసే పనిని కాంప్లెక్స్ (దగ్గరలోని కొన్ని బడుల సముదాయం) స్థాయిలో ఏర్పాటు చేసుకోవచ్చు. కాంప్లెక్స్ సమావేశంలో నాలుగు బడుల ఉపాధ్యాయులు ఒప్పందానికి వచ్చి, నెలకొకరోజు ఒకరి తరగతికి మరొకరు వెళ్లి చూడాలి. చూసినవారు తప్పులు ఎంచకుండా, బిడ్డలు ఎక్కడ ఆగారో మాత్రం చెప్పాలి. పై అధికారికి నివేదిక వెళ్లని చూపు కాబట్టి భయం ఉండదు, భయం లేనిచోటనే మాట నిజంగా నడుస్తుంది.

ఇంటి భాషకు బడిలో చోటు

భాష విషయంలో ఆఫ్రికా అనుభవం చాలా లోతైనది, చాలా నెత్తురు కూడా చూసినది. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ భాషలో పాఠాలు చెప్పాలన్న నిర్బంధానికి వ్యతిరేకంగా 1976 జూన్ 16న సొవెటో వీధులలోకి వచ్చిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇథియోపియా 1994 విద్యా విధానంలో ప్రాథమిక విద్యను పిల్లల మాతృభాషలలో చెప్పాలని నిర్ణయించింది. టాంజానియా స్వాతంత్ర్యం తర్వాత ప్రాథమిక బడులన్నిటినీ స్వాహిలీలోకి మార్చింది, కానీ ఉన్నత పాఠశాలకు వెళ్లగానే ఆంగ్లం ఎదురై పిల్లలు తడబడే సమస్య అక్కడ ఇంకా తీరలేదు. రువాండా 2008లో ఫ్రెంచి నుంచి ఆంగ్లానికి మారాలని నిర్ణయించినప్పుడు ఉపాధ్యాయులలో చాలామందికే ఆ భాష రాదు.

తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022–23 నుంచి ఆంగ్ల మాధ్యమం వచ్చింది. తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, దానితో తగవు పెట్టుకోవలసిన పని లేదు. కానీ లంబాడా బిడ్డ ఇంట్లో లంబాడీ మాట్లాడి, వీధిలో తెలుగు విని, బడిలో ఆంగ్లం చదువుతుంది. కృష్ణా మండలం వైపు పిల్లలకు కన్నడ, మహబూబ్‌నగర్ పట్టణంలో చాలామందికి ఉర్దూ, నల్లమల పెంటలలో చెంచుల మాట. వీరికి ఒకటి రెండు తరగతులలో చేయవలసినవి కష్టమైనవి కావు. ఒక పేజీ తెలుగు, దాని ఎదుటి పేజీ ఆంగ్లంగా ఇచ్చిన ద్విభాషా పుస్తకంలో ముందు తెలుగు పేజీ చెప్పాలి. తండాలోని ఒక తల్లిని పిలిపించి, ఇంటి వస్తువులు, పశువులు, పంటలు, వావివరసలకు లంబాడీ మాటలు అడిగి, తెలుగు లిపిలో చార్టు మీద రాసి, పక్కన తెలుగు మాట, దాని పక్కన ఆంగ్లపు మాట రాయాలి. బిడ్డ తన భాషలో జవాబు చెబితే ఆ జవాబును జవాబుగానే తీసుకోవాలి. ఆంగ్లాన్ని మొదటి ఏడాదంతా వినడానికీ మాట్లాడటానికీ పరిమితం చేసి, చదవడం తెలుగులో స్థిరపడ్డాక ఆంగ్లం చదివించడమే ఆ పిల్లలకు ఆంగ్లం వచ్చే దగ్గరి దారి. జాంబియాలో 2014 ప్రాంతంలో మొదలైన విధానం కూడా నాలుగో తరగతి వరకు బెంబా, న్యాంజా, టోంగా వంటి ఏడు భాషలలో చదువు చెప్పి, తర్వాత ఆంగ్లానికి మార్చేది.

వలస పోయే పిల్లల వెంట చదువును పంపడం

నైజీరియాలో పశువులతో ఊళ్లు తిరిగే ఫులానీ కుటుంబాల కోసం, వలస మత్స్యకారుల కోసం 1989లోనే ప్రత్యేకంగా సంచార విద్యా కమిషన్ ఏర్పడింది. కదిలే బడులు, రేడియో పాఠాలు ప్రయత్నించారు. ఆ దేశ విస్తీర్ణానికి అవి చాలలేదు గాని, బిడ్డ బడికి రాకపోతే బడి బిడ్డ దగ్గరకు పోవాలన్న ఆలోచనను ప్రభుత్వం చట్టంగా ఒప్పుకోవడం పెద్ద అడుగు. మనకు మరింత ఉపయోగపడేది బోట్స్వానా ఉదాహరణ. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు అక్కడ 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారం వారం మామూలు ఫోనుకే లెక్కల సందేశాలు పంపారు, మరికొందరికి సందేశంతో పాటు ఫోను చేసి పదిహేను ఇరవై నిమిషాలు తల్లిదండ్రులనూ బిడ్డనూ కలిపి ఒక లెక్క చేయించారు. సందేశాలు మాత్రమే అందినవారిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఫోనులో మనిషి మాట్లాడిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి.

కాబట్టి వలస నెలలు రాకముందే, దసరా సెలవులకు ముందు, ఏ కుటుంబాలు పోతాయో కమిటీ తల్లుల ద్వారా తెలుసుకుని, తల్లి ఫోను నంబరుతో పాటు గుంపు మేస్త్రీ నంబరు కూడా ప్రత్యేకమైన నోటు పుస్తకంలో రాసుకోవాలి. అవ్వా తాతల దగ్గర ఉండగలిగిన పిల్లలను ఊరిలోనే నిలిపేందుకు ముందు ప్రయత్నించాలి. వసతి గృహంలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో ఖాళీ ఉంటే అడగాలి. తప్పనిసరిగా పోయే పిల్లలకు ఏ మెట్టు మీద ఉన్నారో రాసిన ఒక కాగితం, ఒక కథల పుస్తకం, రెండు నోటు పుస్తకాలు ఇచ్చి పంపాలి. ఆదివారం సాయంత్రం పని లేని వేళ ఊరి డిగ్రీ విద్యార్థులు ఒక్కొక్కరూ ముగ్గురు పిల్లలకు ఫోను చేసి, కథలో ఒక పేజీ చదివించి విని, ఒక లెక్క చేయించాలి. వాట్సాప్‌లో పాఠాలు పడేసి ఊరుకోవడం సందేశాలు పంపడం లాంటిదే, దానివల్ల ఏమీ జరగదు. పోయిన చోట బడి దగ్గరలో ఉంటే చేర్చమని తల్లిదండ్రులకు చెప్పాలి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ ధ్రువపత్రం ఆలస్యమైందన్న కారణంతో ఏ ప్రభుత్వ బడీ చేర్చుకోవడం ఆపకూడదు. ఉగాదికో పీర్ల పండుగకో కుటుంబం ఊరికి వచ్చినప్పుడు ఆ బిడ్డను కలిసి మళ్లీ చదివించి వినాలి.

డబ్బును గోడ మీద రాయడం

ఉగాండాలో 1990వ దశకం మొదట్లో ప్రభుత్వం బడులకు పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతం మాత్రమే బడిదాకా చేరిందని 250 బడుల సర్వేలో బయటపడింది. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికలలో ప్రచురించడం, బడి గోడ మీద అతికించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లలో చేరే వాటా 80 శాతం దాటింది. దానికి ప్రచురణ ఒక్కటే కారణం కాదు, అదే కాలంలో పాలనలో ఇతర మార్పులు కూడా జరిగాయి. అయినా తల్లిదండ్రులకు అంకె తెలిసినప్పుడు అడిగే ధైర్యం వస్తుందన్నది నిజం. మీ బడి ముందు గోడ మీద నల్లరంగు పలక ఒకటి గీయించి, గ్రాంటు వచ్చిన తేదీ, మొత్తం, దేనికి ఖర్చు పెట్టారు, ఎంత మిగిలింది అన్న నాలుగు వరుసలు నెలనెలా రాయండి. రాకపోతే ‘రాలేదు’ అని రాయండి.

నులిపురుగుల మాత్రల గురించి ఒక్క మాట. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడులలో ఈ మాత్రలు వేసినప్పుడు గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. ఆల్బెండజోల్ వేసే రోజున రాని పిల్లల పేర్లు రాసుకుని, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో మాట్లాడి తర్వాత వేయించడం పెద్ద పనేమీ కాదు.

ఆడపిల్లలను తిరిగి తీసుకోవడం

సియెరా లియోన్ 2015లో గర్భం దాల్చిన విద్యార్థినులు బడికి రాకూడదని నిషేధం పెట్టింది. 2019 డిసెంబరులో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం అది వివక్ష అని తీర్పు చెప్పింది, 2020 మార్చిలో ఆ ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసింది. టాంజానియా కూడా 2021 నవంబరులో బిడ్డల తల్లులైన బాలికలను తిరిగి బడికి రానిచ్చింది. మన వైపు నిషేధం ఏమీ లేదు, కానీ పదో తరగతి అయ్యాక పెళ్లి చేసి పంపిన ఆడపిల్ల మళ్లీ చదవవచ్చని ఆమెకు ఎవరూ చెప్పరు. పద్దెనిమిది నిండని పెళ్లి మాటలు నడుస్తున్నట్టు తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి. పెళ్లి జరిగిపోయి ఉంటే, ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు ఇంటికి వెళ్లి, తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చేరే దరఖాస్తును చేతికిచ్చి నింపించాలి. అత్తగారింట్లో మాట్లాడటానికి కమిటీలోని పెద్ద వయసు తల్లి వెంట ఉంటే పని జరుగుతుంది.

తెచ్చుకోకూడనివి

ఆఫ్రికాలో జరిగినవన్నీ అనుకరించదగినవి కావు. లైబీరియా 2016లో 93 ప్రభుత్వ బడులను బయటి సంస్థలకు అప్పగించినప్పుడు చదువు కొంత మెరుగుపడినా ఖర్చు విపరీతంగా పెరిగింది, ఒక సంస్థ తరగతికి ఇంతమందే అని హద్దు పెట్టడంతో మిగిలిన పిల్లలు బయటికి పోవలసి వచ్చింది. ఘనా 2017లో ఉన్నత మాధ్యమిక విద్యను ఉచితం చేసిన మరుసటి ఏడాదే గదులు చాలక విద్యార్థులను రెండు జట్లుగా చేసి వంతులవారీగా రప్పించవలసి వచ్చింది. ఉద్దేశం గొప్పది, ఏర్పాటు వెనకబడింది. కెన్యాలో ఒప్పంద ఉపాధ్యాయులను స్వచ్ఛంద సంస్థ నడిపినప్పుడు పిల్లల చదువు పెరిగింది. ప్రభుత్వ యంత్రాంగం అదే పనిని నడిపినప్పుడు, జీతాలు ఆలస్యమై, పర్యవేక్షణ లేక ఫలితం కనిపించలేదు. విద్యా వాలంటీర్ల జీతాలు నెలల తరబడి రాకపోవడం చూసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరైనా ‘ఫలానా దేశంలో అద్భుతం జరిగింది’ అని చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: దాన్ని ఎవరు నడిపారు, ఒక్కో బిడ్డకు ఎంత ఖర్చైంది, ఏ పిల్లలు లెక్కలోకి రాకుండా పోయారు.

కాలక్రమం

జూన్‌లో బడిబాటతో పాటే అట్టలు తయారు చేసుకోవాలి, బడి తెరిచిన రెండు వారాలలో అందరి చదువూ వినాలి. జూలై మొదటి వారం నుంచి గంట సేపటి గుంపులు నడవాలి. ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు నెలల చివర కమిటీ సమావేశంలో ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో పేర్లు లేకుండా అంకెలు మాత్రమే చెప్పాలి. సెప్టెంబరులో వలస నోటు పుస్తకం సిద్ధం కావాలి. ఫిబ్రవరి రెండో వారంలో జూన్‌లో వాడిన అట్టతోనే మళ్లీ వినాలి, ఆ పనిని మీ బడివారు కాకుండా కాంప్లెక్స్‌లోని మరొక బడి ఉపాధ్యాయులు చేయాలి. అప్పటికీ అక్షరాల మెట్టు దాటని పిల్లలు ఎవరో తేలాక, వారి పేర్లను, వారు ఎక్కడ ఆగుతున్నారన్న వివరాన్ని, వలస పోయినవారైతే ఆ నెలలను ఒక కాగితం మీద రాసి, వేసవి సెలవులలో నెల రోజుల పాటు ఉదయం పూట నడిపే శిబిరానికి వారినే మొదట పిలవాలి.